నెట్టు మందగించినచో ముందు కొలువవలయును

బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమలోని అవనిగడ్డలో గాని ఇంటర్నెట్టు పెట్టించుకొన్న గృహస్థుని, దుకాణదారుని, కళాశాల గుమాస్తాను ఎవ్వరిని పలుకరించినను నేడు మొట్టమొదట వినవచ్చు ఫిర్యాదు ఒక్కటియే: నెలనెల సొమ్ము కట్టునది 100 ఎంబీపీఎస్‌కు, చేతికి వచ్చునది 20కి మించదు. ఈ ఫిర్యాదు అసత్యమని నేననను; పెక్కు తావుల నది అక్షరాల సత్యము. కాని దాని వెన్నంటి వెలువడు రెండు తీర్పులు మాత్రము నాకెన్నడును సమ్మతములు కావు. వినియోగదారుడు కంపెనీ మోసగించినదని నిశ్చయించును. కేబుల్ ఆపరేటరు పంపిన మనిషి గోడనున్న పెట్టెను ఆర్పి వెలిగించి, "మా వైపు అంతా బాగానే ఉందండీ, మీ కంప్యూటరే పాతది" అని చెప్పి పోవును. ఇరువురిలో నొక్కరును కొలువలేదు. కొలువకయే తీర్పు చెప్పు ఈ యలవాటు మన ప్రాంతపు నెట్టు కష్టములలో సగమునకు కారణమని నా దృఢమైన యభిప్రాయము.

పాత డెస్క్‌టాపు కంప్యూటరునకు రెండవ ల్యాన్ కార్డు తగిలించి, దానిపై లినక్సునో, 2004లో ఆరంభమైన పీఎఫ్‌సెన్సునో, దాని పిమ్మట 2015లో వెలువడిన ఓపీఎన్‌సెన్సునో స్థాపించి, దానినే రౌటరుగా నడుపుకొను చిన్న శిక్షణాలయములు, ఆస్పత్రులు, కార్యాలయములు, కేబుల్ గదులు ఉన్నచోట ఈ వివాదము మఱింత జటిలమగుచున్నది. ఇట్టి రౌటరును నేను మనఃపూర్వకముగా సమర్థింతును. దాని సాఫ్ట్‌వేరు ఉచితము. చెడిన భాగమును ఏలూరు రోడ్డుననో, బందరు కోనేరు సెంటరు పరిసరములలోనో దొరకు మఱియొక భాగముతో మార్చుకొనవచ్చును. ఎవరు ఎంత వాడుచున్నారో, ఏ తీగలో ఎన్ని పొరపాట్లు దొర్లుచున్నవో అది దాపరికము లేక చూపించును. అయినను దానియందలి ఈ గుణమును వినియోగించుకొనువారు అరుదు. వేగము తగ్గగానే "పాత కంప్యూటరు గదా" యను మాటకు తలయొగ్గి, దానిని మూలబెట్టి క్రొత్త పెట్టెను కొనువారే యెక్కువ. కొన్న పిమ్మటను వేగము పెరుగకున్న, అంతకన్న ఖరీదైన ప్లానునకు మారుచున్నారు.

కృష్ణా తూర్పు డెల్టాలో శివారు భూములకు నీరందనప్పుడు ఏ రైతును విజయవాడ బ్యారేజీలో నీరు లేదని యింటనే కూర్చుండి తేల్చడు. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు దిగువ కాలువలలో నీరెంత వచ్చుచున్నదో, ఏ లాకు వద్ద మట్టము నిలిచియున్నదో, ఏ లాకు దిగువ తగ్గిపోయినదో, ఎచ్చట గుర్రపుడెక్క అడ్డుపడినదో లస్కరును వెంటబెట్టుకొని గట్టు వెంబడి నడచి చూచును. నెట్టునకును చేయవలసినది సరిగా నిదియే. మార్గమును భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును వేఱుగా కొలిచి, ఎచ్చటివఱకు వేగము నిండుగా నున్నదో, ఎచ్చట విరిగినదో కనుగొనవలయును. మన కంప్యూటరునుండి రౌటరువఱకు నొకటి, రౌటరు లోపలి వ్యవహార మొకటి, రౌటరునుండి గోడనున్న ఫైబరు పెట్టెవఱకు నొకటి, అచ్చటినుండి ఆపరేటరు గదికి, ఆపై బయటి ప్రపంచమునకు పోవునది యొకటి.

స్పీడ్ టెస్టు ఒక్కటి చూచి మురియుటయో, కుములుటయో ఈ పనికి చాలదు. ఏలయన ఆ పరీక్ష ఈ భాగములన్నింటిని కలిపి ఒక్క అంకెగా చెప్పును, లోపమెచ్చటిదో చెప్పదు. ఐపర్ఫ్ అను ఉచిత ఉపకరణము కలదు. రౌటరునకు ఇటువైపు నొక కంప్యూటరును, అటువైపు, అనగా ఫైబరు పెట్టె తీగను తాత్కాలికముగా తొలగించిన తావున, మఱియొక కంప్యూటరును పెట్టి, ఒకదానినుండి రెండవదానికి దత్తాంశమును పంపి చూచిన, రౌటరు తన గుండ ఎంత వేగమును పోనిచ్చునో నిస్సందేహముగా తేలును. ఇచ్చట నొక మెలకువ యవసరము. ఐపర్ఫును రౌటరు మీదనే నడిపిన ఫలితము తప్పుదారి పట్టించును. ఇతరుల దత్తాంశమును దాటించుట వేఱు, తానే దత్తాంశమును పుట్టించుట వేఱు. రెండవ పనిలో ప్రాసెసరు శక్తి పరీక్షకే ఖర్చగును. కావున రౌటరు నడుమనుండవలయును, పరీక్షించు యంత్రములు దాని కిరువైపుల నుండవలయును.

ఇట్లు కొలిచినప్పుడు అంకె 94 దగ్గఱ ఆగినచో ఆలోచింపవలసిన పనియే లేదు. గిగాబిట్టు తీగ సవ్యముగా నున్నచో సుమారు 940 ఎంబీపీఎస్‌లు రావలయును. 100 ఎంబీపీఎస్‌లకు కుదించుకుపోయిన తీగలో సుమారు 94 మాత్రమే వచ్చును. ఈ యంకె కనబడగానే ప్రాసెసరును, సాఫ్ట్‌వేరును, కంపెనీని అన్నింటిని విడిచి తీగను చూడవలయును. గిగాబిట్టునకు కేబులులోని నాలుగు జంటల తీగలును అవసరము. 100 ఎంబీపీఎస్‌లకు రెండు జంటలు చాలును. కావున ఒక్క తీగ కొన తుప్పు పట్టినను, క్రింపింగులో నొక్కటి సరిగా దిగకున్నను, ఇరువైపుల యంత్రములును తమలో తాము సర్దుకొని తక్కువ వేగమునకు దిగిపోవుట పరిపాటి. నెట్టు ఆగిపోదు, దీపములు వెలుగుచునేయుండును, మందగించుట మాత్రము కనబడును. బందరు వంటి సముద్రతీర పట్టణమున, ఉప్పుగాలియు తేమయు ఏడాది పొడవున లోహమును తినుచుండు తావున, ఈ లోపము ఎంత సహజమో వేఱుగ చెప్పనక్కరలేదు. గిలకలదిండి, మంగినపూడి వైపు ఇండ్లలో ఇనుప కిటికీ ఊచల గతి చూచినవారికి, వాననీరు కారు గోడ ప్రక్కగా దిగిన తీగ మొన గతి యెట్లుండునో ఊహించుట కష్టము కాదు. క్రొత్త మొనలు బిగించుట కొలది రూపాయల పని. దీనిని చూడక పాతికవేల రూపాయల రౌటరును కొనుట యెంతటి వ్యర్థవ్యయము! క్రొత్త రౌటరునకు కూడ ఆ పాత తీగయే గదా తగిలింతురు.

తీగకు సంబంధించిన మఱియొక లోపము మఱింత మాయగా నుండును. ఒకవైపు యంత్రమునకు "100, ఫుల్ డూప్లెక్సు" అని చేతితో నిర్ణయించి, రెండవవైపు తానే తెలిసికొనునట్లు విడిచినచో, ఆ రెండవది ఎదుటివాని వేగమును గ్రహింపగలదు గాని రీతిని గ్రహింపలేక హాఫ్ డూప్లెక్సునకు దిగును. కొద్దిపాటి వాడకములో నంతయు బాగుగనే యుండును. బరువు పెరుగగనే ఒకరి మాటకు మఱియొకరు అడ్డుతగిలి వేగము కుప్పకూలును. పింగు పరీక్షలో నిర్దోషియై నిలుచు ఈ దోషమును ఈథ్‌టూల్ వంటి ఉపకరణము క్షణములో చూపును. ప్యాకెట్ల పొరపాట్ల లెక్క గంటగంటకు పెరుగుచున్న, అదియే సాక్ష్యము.

తీగలు నిర్దోషములైన పిమ్మటనే యంత్రము లోపలికి చూపు సారింపవలయును. ఇచ్చట పాత కంప్యూటరుమీది నింద కొంత నిజమగు సందర్భములు కలవని ఒప్పుకొనవలయును. పాత పీసీఐ స్లాటుల దారి సెకనుకు 133 మెగాబైట్లకు మించి మోయజాలదు. అదియును అన్ని కార్డులును పంచుకొనవలసిన ఉమ్మడి దారి. రౌటరు పనిలో ప్రతి ప్యాకెట్టును ఒక కార్డునుండి లోనికి వచ్చి, రెండవ కార్డునుండి వెలికి పోవును గనుక ఆ దారిని రెండుసార్లు దాటును. అందుచేత కార్డుమీద గిగాబిట్టు అని యెంత పెద్దగా వ్రాసియున్నను, ఇట్టి యంత్రము సిద్ధాంతరీత్యా 532 ఎంబీపీఎస్‌లకు మించి దాటింపజాలదు. ఆచరణలో నింకను తక్కువ. అయినను 100 ఎంబీపీఎస్‌ల ప్లాను గలవానికి అది సమృద్ధియే యగునని మఱువరాదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గల యంత్రములో ఈ ఇబ్బంది లేదు.

ప్రాసెసరు విషయమున జనులను మోసపుచ్చునది సగటు లెక్క. నాలుగు కోరుల ప్రాసెసరులో మొత్తము వాడకము 25 శాతమని చూపినప్పుడు, "ముప్పాతిక ఖాళీగనే యున్నది, లోపము ప్రాసెసరుది కాదు" అని తేల్చి లేచిపోవుదురు. కాని ఒక్క కోరు నూటికి నూఱుపాళ్లు మునిగియుండి, తక్కిన మూడును చేతులు ముడుచుకొని కూర్చున్నను సగటు 25 శాతమే యగును! పీపీపీఓఈ అను పద్ధతిలో యూజరునేము, పాసువర్డు ఇచ్చి కనెక్షను తెచ్చుకొనుచోట ఇది మఱింత తఱచు. ఏలయన ఆ పద్ధతిలో వచ్చు ప్యాకెట్లను పెక్కు కార్డులు కోరులకు పంచియీయలేవు, అన్నియు నొక్క వరుసలో నిలిచి ఒక్క కోరుమీదనే పడును. కావున కోరు వారీగా చూపించుకొనక ప్రాసెసరును నిర్దోషియనుట చెల్లదు. అదే పద్ధతి ప్రతి ప్యాకెట్టునుండి 8 బైట్లు తీసికొనుటచే 1500 బైట్ల హద్దు 1492కు తగ్గును. ఈ హద్దును రౌటరులో సవరింపకున్న, కొన్ని సైట్లు చప్పున తెఱచుకొని మఱికొన్ని తెల్లని తెరతో నిలిచిపోవును. దానిని చూచి జనులు నెట్టు మందగించినదందురు.

ప్యాకెట్ల పరిమాణమును గూర్చి కూడ నొక్క మాట. గిగాబిట్టు తీగను పెద్ద ప్యాకెట్లతో నింపిన సెకనుకు సుమారు 81 వేలు దాటింపవలయును. అత్యల్పమైన 64 బైట్ల ప్యాకెట్లతో నింపిన 14 లక్షల 88 వేలు దాటింపవలయును. రౌటరునకు శ్రమ కలుగునది బైట్ల బరువుచేత కాదు, ప్యాకెట్ల సంఖ్యచేత. సినిమా దింపుకొనునప్పుడు చురుకుగ నుండిన యంత్రము పదుగురు కుఱ్ఱవాండ్రు ఆటలును, మాటలును నడుపునప్పుడు ఏల రొప్పుచున్నదో దీనివలన బోధపడును. చౌక ల్యాన్ కార్డులు ఈ శ్రమను మఱింతగ ప్రాసెసరుపై వేయును. సర్వరులనుండి తీసిన పాత ఇంటెల్ కార్డు నొకదానిని తెచ్చి వేసిన యంత్రము మారకయే వేగము పెరుగుట కద్దు. కార్డు డ్రైవరులోని ఎల్‌ఆర్‌ఓ అను సౌకర్యము, వచ్చిన ప్యాకెట్లను కలిపి పెద్దవి చేయునట్టిది, సర్వరునకు మేలు చేయును గాని రౌటరునకు కీడు చేయును; దాని నాపివేయవలయును. ఇక వేసవిలో గుడివాడ మేడమీది రేకుల గదిలో, దుమ్ముతో ఫ్యాను బిగిసిన కంప్యూటరు వేడికి తాళలేక తనంతట తానే వేగము తగ్గించుకొనుట సాంకేతిక రహస్యమేమియు కాదు. ఒక కుంచె, ఒక గంట తీరిక ఉన్న చాలును.

వేగమనిన బైట్ల రాశి మాత్రమే యని తలంచుట మఱియొక పొరపాటు. స్పీడ్ టెస్టులో నిండుగ 100 చూపుచున్నను, ఇంటిలో నొకరు ఫొటోలను పైకి పంపుచున్నంతసేపు అమెరికాలోని కుమారునితో మాటలాడు తల్లికి స్వరము తెగిపోవుచుండును. దీనికి కారణము దారిలోని యంత్రములలో ప్యాకెట్లు మితిమీరి నిలువయుండుట. జిమ్ గెటిస్ మున్నగువారు 2010 ప్రాంతమున దీనిని లోకమునకు చాటిరి. కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సనులు 2012లో కోడెల్ అను పరిష్కారమును ప్రకటించిరి. దానినుండి పెరిగిన ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి 2018లో ప్రయోగాత్మక పత్రముగ వెలువడినది. కంప్యూటరు రౌటరులలో ఇది ఉచితముగనే లభించును. మన తీగకు గల వేగముకన్న కొంచెము తక్కువకు, 100కు గాను 92కో 95కో, రౌటరులోనే హద్దు విధించిన, నిలువ మన యదుపులోనికి వచ్చును. అయిదారు ఎంబీపీఎస్‌లను విడుచుకొని ఎడతెగని సంభాషణను పొందుట మంచి బేరమని నేనందును.

ఈ వాన్ జాకబ్సను పేరుతో నొక పూర్వవృత్తాంతము ముడివడియున్నది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, దానికి 400 గజముల దూరముననే యున్న బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకును నడుమ నెట్టు వేగము సెకనుకు 32 వేల బిట్లనుండి 40 బిట్లకు పడిపోయినది. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. జాకబ్సను ఊహలతో తృప్తిపడక ప్యాకెట్లను ఒక్కొక్కటిగ పరిశీలించి చూడగా, దారి ఇఱుకైనప్పుడు పంపు ప్రోగ్రాములు తగ్గుటకు మారుగా, పంపినదానినే మరల మరల పంపి దారిని మఱింత క్రిక్కిఱియ జేయుచున్నవని తేలినది. 1988లో ఆయన ప్రకటించిన వ్యాసములోని పద్ధతులే నేటికిని ఇంటర్నెట్టునకు ఆధారములు. ఆనాడు ఎవరైన "లైను సరిగా లేదు, మార్చుడు" అని తేల్చియున్న, ఎన్ని లైనులు మార్చినను ఫలితముండెడిది కాదు.

ఇంటిలోని భాగములన్నియు నిర్దోషములని తేలిన పిమ్మట, అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆపరేటరును నిలదీయు హక్కు మనకు పూర్తిగ సంక్రమించును. జీపాన్ పద్ధతిలో ఒక్క ఫైబరు తంతువుమీద దిగువకు వచ్చునది 2.488 గిగాబిట్లు, దానిని 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచుదురు. 64 ఇండ్లవారును ఒక్కసారి నిండుగ వాడిన ఒక్కొక్కరికి సుమారు 39 ఎంబీపీఎస్‌లు వచ్చును. అందఱును ఒకేసారి వాడరను నమ్మకముమీద ఈ పంపకము నడచుచున్నది. అది యన్యాయము కాదు. అయితే ఆపరేటరు గదినుండి పైకి పోవు దారి అంతకన్న నిఱుకైన సందర్భమున, రాత్రి యెనిమిది గంటలకు ఊరెల్ల టీవీ సీరియళ్లను, క్రికెట్టును చూచుచున్న వేళ బరువెల్ల నచ్చటనే పడును. తెల్లవాఱుజామున నయిదింటికి నిండుగనున్న వేగము రాత్రి తొమ్మిదింటికి నాల్గవ వంతునకు పడిపోవుచున్నచో, రౌటరు రెండు వేళలను నొక్కటియే గనుక, లోపము బయటిదని నిరూపితమైనట్లే. ఆ లెక్కను తేదీతో, వేళతో వ్రాసి ముందుంచిన వినియోగదారునకు "మీ కంప్యూటరు పాతది" అని బదులు చెప్పుట ఎవరి తరమును కాదు.

"ఈ తంటా యంతయు నేల, మంచి రౌటరు నొకదానిని కొనిన తీరిపోవును గదా" యనువారు కలరు. వారి మాటలో నొక న్యాయము కలదు: పాత డెస్క్‌టాపు 80 వాట్లు త్రాగుచు రేయింబవళ్లు నడచిన నెలకు 57 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చగును; చిన్న పెట్టెకు పది వాట్లు చాలును. నలుగురున్న యింటికి చిన్న పెట్టెయే మేలు. కాని నలువది కంప్యూటర్లున్న ప్రయోగశాలకు, ఎవరెంత వాడుచున్నారో లెక్క చూపవలసిన కార్యాలయమునకు, కంప్యూటరు రౌటరు ఇచ్చు స్వేచ్ఛను చిన్న పెట్టె ఈయజాలదు. అన్నింటికి మించి, ఏ పెట్టెను కొన్నను కొలుచుట తప్పదు.

ఇది వ్యక్తుల ఇంటి విషయము మాత్రమే యైన పత్రికకెక్కింపనక్కరలేదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు, విద్యుత్ స్తంభములమీదుగా వేలకొలది కిలోమీటర్ల ఫైబరును లాగి, నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్‌ల నెట్టును పల్లెలకు అందించుట లక్ష్యమని ప్రకటించిరి. ఆ యుద్దేశము ఘనమైనది. దానిని నేను నేటికిని మెచ్చుకొందును. కాని ఫైబరు ఇంటి గుమ్మమువఱకు వచ్చిన పిమ్మట, గుమ్మము లోపలి లోపమును కనుగొనగల మనుష్యులను తయారుచేయు పని ఎవ్వరును తలకెత్తుకొనలేదు. మండలమునకు ఫైబరు నతుకగలవారు దొరకుదురు గాని, కోరు వారీగా ప్రాసెసరును చూచి, తీగ నాలుగు జంటలను పరీక్షించి, ఉదయము రాత్రి వేగములను పోల్చి కాగితము మీద పెట్టగలవారు దొరకరు.

ఈ విద్యకు బందరు తగిన స్థానము. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను ఈ పట్టణముననే నెలకొల్పి, పుస్తకపు చదువుతోపాటు చేతిపనిని నేర్పుట జాతీయ విద్యలో భాగమని సంకల్పించిరి. వారి కాలమున మగ్గము, కమ్మరికొలిమి, వడ్రంగపు బల్ల ఏ స్థానమున నుండినవో, నేడు నెట్టును కొలుచు పనిముట్లును ఆ స్థానమున నుండదగినవి. పాలిటెక్నికులలోను, కృష్ణా విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాలలలోను నెట్‌వర్కుల పాఠము పొరల బొమ్మలతో, నిర్వచనములతో ముగియుచున్నది. పనికిరాదని పక్కన పెట్టిన రెండు కంప్యూటర్లను, నాలుగు ల్యాన్ కార్డులను, ఒక క్రింపింగు పట్టకారును ముందుంచి, ఉద్దేశపూర్వకముగ నొక తీగను చెఱచి, "లోపమెచ్చటనో కొలిచి చెప్పుడు" అని విద్యార్థిని అడుగు పరీక్ష ఒక్కటి పెట్టినను, ఊరూరునకు ఇద్దరు ముగ్గురు నిపుణులు లభింతురు. ఖర్చు దాదాపు శూన్యము.

దివిసీమ విషయమున ఈ పని మఱింత తొందరది. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో వేలకొలది ప్రజలను పోగొట్టుకొన్న ఆ సీమకు బందరులోని వాతావరణ రాడారు చూచు మేఘములను గూర్చిన హెచ్చరిక ఏ రీతి చేరినను మేలే. నేడది ఎక్కువగా గ్రామ సచివాలయములలోని కంప్యూటర్లకు, చేతిలోని ఫోనులకు నెట్టు ద్వారానే చేరుచున్నది. కావున నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి మండలములలోని ప్రతి సచివాలయమునను ఏటేట సెప్టెంబరు నెల ముగియులోపల, తీగ వేగమెంత కుదిరినదో, పొరపాట్ల లెక్కయెంతో, తెల్లవాఱుజామునను రాత్రియును వచ్చిన వేగములెంతో, కరెంటు పోయినప్పుడు రౌటరు ఎన్ని గంటలు నిలిచినదో కొలిచి, ఒక పుటలో వ్రాసి, గోడమీద నంటింపవలయునని జిల్లా యంత్రాంగమును కోరుచున్నాను. అంకెలు తక్కువగ నున్నను దాచక అంటింపవలయును. తక్కువగ నున్నచోట తీగ మొనలను అక్టోబరు వానలు రాకముందే మార్పింపవలయును.